పొగమంచు ఒక్కటే కారణమా?
దిగే వేళ విమాన ప్రమాదాలు: పాత్రికేయులు, అధికారులు గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

అనంతగిరి (వికారాబాద్ జిల్లా): శీతకాలపు తెల్లవారుజామున అనంతగిరి కొండపై శ్రీ అనంత పద్మనాభస్వామి ఆలయ పరిసరాలలో నిలబడినవారికి ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనిపించని రోజులు ఉంటాయి. అదే సమయంలో కింద వికారాబాద్ పట్టణంలో ఉన్నవారు కొండవైపు చూసి మబ్బు దిగిందని అనుకుంటారు. పైన ఉన్నవారు పొగమంచు అంటారు, కింద ఉన్నవారు మబ్బు అంటారు. ఉన్నది మాత్రం ఒక్కటే. సందర్శకులకు అది ఆహ్లాదం. తాండూరు ప్రాంతపు కంది రైతుకు పూత రాలుతుందేమోనన్న దిగులు. ఆకాశంలో ఉన్న పైలట్‌కు మాత్రం అది ముందుగానే లెక్క కట్టి, అవసరమైతే వెనుదిరగవలసిన హద్దు.

ఈ జిల్లాకు ఆ విషయం కేవలం పుస్తకాలలోనిది కాదు. 2019 అక్టోబరు 6న బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ గ్రామ శివారులో రాజీవ్ గాంధీ విమానయాన అకాడమీకి చెందిన చిన్న శిక్షణ విమానం పంట చేలో కూలిపోగా, అందులో ఉన్న ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. ఆ సమయంలో ఆ ప్రాంతంలో వర్షం కురుస్తున్నది. అది ప్రయాణికుల విమానం కాదు, దిగుతున్న విమానమూ కాదు. అయినప్పటికీ ఇటువంటి ఘటన జరిగినప్పుడు తొలుత అక్కడికి చేరేది గ్రామస్తులు, స్థానిక పోలీసులు, మండల రెవెన్యూ సిబ్బంది, విలేకరులేనని ఆ రోజు మరొకసారి రుజువైంది. వారు చేసే తొలి పనులు, రాసే తొలి మాటలు ఆ తరువాత జరిగే దర్యాప్తుపైన, ప్రజల అవగాహనపైన ప్రభావం చూపుతాయి.

ఈ నేపథ్యంలో, కంటికి సరిగా ఆనని వాతావరణంలో విమానం దిగేటప్పుడు ఏమి జరుగుతుంది, ప్రమాదాలు ఎందుకు సంభవిస్తాయి, జిల్లా యంత్రాంగం, పత్రికా రంగం వాటి నుంచి గ్రహించవలసినది ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

తొలి వార్తలోని లోపం

"పొగమంచు కారణంగా విమానం కూలింది" అన్న వాక్యం తొలి వార్తలలో తరచుగా కనిపిస్తుంది. ఈ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు గాని, అసలు విషయాన్ని కప్పిపుచ్చుతుంది. పొగమంచు విమానాన్ని కిందకు లాగదు. రెక్కల బలాన్ని గాని, ఇంజన్ల శక్తిని గాని అది తగ్గించదు. ప్రతి శీతకాలంలోను ఉత్తర భారతదేశంలో దట్టమైన మంచు కమ్మిన రోజులలో ఎన్నో విమానాలు క్షేమంగా దిగుతున్నాయి, దిగలేనివి వేరే విమానాశ్రయాలకు మళ్లుతున్నాయి. మంచు చేసేది ఒక్కటే. అది పైలట్ కంటికి, నేలకు మధ్య తెర వేస్తుంది. ఆ తెర ఉన్నప్పుడు ఎంత వరకు కిందకు రావచ్చునో నియమాలు ముందే నిర్ణయించి ఉంచాయి. నేల కనిపించకుండానే ఆ హద్దు దాటి కిందకు వచ్చినప్పుడు ప్రమాదం పుడుతుంది.

కనుక అడగవలసిన ప్రశ్న "మంచు ఎంత ఉన్నది?" అన్నది మాత్రమే కాదు. "నిర్ణీత ఎత్తు వద్ద రన్‌వే కనిపించిందా? కనిపించకపోతే విమానం తిరిగి పైకి లేచిందా? లేవకపోతే ఎందుకు లేవలేదు?" అన్న మూడు ప్రశ్నలు అంతకన్నా ముఖ్యమైనవి.

దృశ్యమానతను కొలిచే తీరు

వాతావరణ శాస్త్ర పరిభాషలో ఒక కిలోమీటరు కన్నా దూరంలోని వస్తువులు కనిపించనప్పుడు దానిని పొగమంచుగా పరిగణిస్తారు. 500 నుంచి 200 మీటర్ల వరకు మధ్యస్థ మంచు, 200 నుంచి 50 మీటర్ల వరకు దట్టమైన మంచు, 50 మీటర్లకు లోపు అయితే అతి దట్టమైన మంచు అని భారత వాతావరణ శాఖ వర్గీకరించింది.

విమానాశ్రయంలో దీనికి తోడు మరొక కొలత ఉంటుంది. రన్‌వే పక్కన అమర్చిన పరికరాలు, పైలట్ రన్‌వే మధ్యగీతపై నుంచి ఎంత దూరం వరకు దీపాలను, గుర్తులను చూడగలడో లెక్కకట్టి మీటర్లలో తెలియజేస్తాయి. దీనిని రన్‌వే విజువల్ రేంజ్ అంటారు. దీనితోపాటు మేఘాల అడుగు భాగం నేలకు ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదన్నది కూడా ముఖ్యమే. పక్కలకు చూపు బాగున్నా, మేఘం కిందకు దిగి ఉంటే పైనుంచి వచ్చే పైలట్‌కు నేల కనిపించదు. కొండ ప్రాంతాలలో ఈ తేడా మరింత స్పష్టంగా ఉంటుంది. వికారాబాద్ బస్టాండు వద్ద వాతావరణం తేటగా ఉన్నంత మాత్రాన అనంతగిరి కొండపై కూడా అట్లే ఉంటుందని అనుకొనరాదు.

రన్‌వే వైపు దారి

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. గాలి తూర్పు నుంచి వీచే రోజులలో విమానాలు పడమటి దిక్కు నుంచి, అనగా చేవెళ్ల, షాబాద్ ప్రాంతాల వైపు నుంచి వచ్చి దిగుతాయి. అనంతగిరికి, విమానాశ్రయానికి మధ్య ఆకాశమార్గంలో సుమారు 60 కిలోమీటర్ల దూరం ఉన్నది. దిగే మార్గపు వాలు ప్రకారం లెక్కిస్తే అంత దూరాన విమానం రన్‌వే కన్నా దాదాపు 10 వేల అడుగుల ఎత్తున ఉండాలి. కాబట్టి శంషాబాద్‌లో దిగే ప్రయాణికుల విమానాలకు ఈ కొండలు నేరుగా అడ్డు కావు. తక్కువ ఎత్తులో ఎగిరే శిక్షణ విమానాలు, హెలికాప్టర్ల విషయం వేరు.

దిగే వాలు సాధారణంగా 3 డిగ్రీలు. ఈ వాలుపై విమానం గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 70 మీటర్లకు పైగా ముందుకు సాగుతూ, నిమిషానికి దాదాపు 700 అడుగుల చొప్పున కిందకు వస్తుంది. రన్‌వే వద్ద అమర్చిన ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్ రెండు రకాల రేడియో సంకేతాలను పంపుతుంది. ఒకటి విమానం రన్‌వే మధ్యగీతకు కుడి ఎడమలకు తప్పకుండా చూస్తుంది. రెండవది వాలు కన్నా పైకి గాని, కిందకు గాని పోకుండా చూస్తుంది. రెండవ సంకేతం లేని చోట, లేదా అది పనిచేయని వేళ, పైలట్ దూరాన్ని, ఎత్తును తానే సరిచూసుకుంటూ మెట్లు దిగినట్లు దిగవలసి ఉంటుంది. ప్రపంచవ్యాప్తంగా దిగే వేళ జరిగిన ప్రమాదాలలో ఈ రెండవ రకం దిగుదల అధిక శ్రమతో కూడినదిగా, పొరపాటుకు అధిక ఆస్కారం ఉన్నదిగా తేలింది.

ఎత్తు చూపే పరికరమైన ఆల్టిమీటర్ గాలి పీడనాన్ని బట్టి పనిచేస్తుంది. దానిలో ఆ సమయానికి ఆ విమానాశ్రయంలో ఉన్న పీడనాన్ని సరిగా అమర్చుకోవాలి. ఒక్క హెక్టోపాస్కల్ తేడా వచ్చినా దాదాపు 30 అడుగుల తేడా వస్తుంది. పైగా ఆ పరికరం సాధారణంగా సముద్రమట్టం నుంచి ఎత్తును చూపుతుంది. శంషాబాద్ సముద్రమట్టానికి 2 వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్నందున, అక్కడ రన్‌వేపై నిలిచి ఉన్న విమానంలో కూడా ఆల్టిమీటర్ ఆ అంకెనే చూపుతుంది. దర్యాప్తు నివేదికలలో కనిపించే ఎత్తు అంకెలను వార్తలలో ఉటంకించేటప్పుడు అవి నేల నుంచి లెక్కించినవా, సముద్రమట్టం నుంచి లెక్కించినవా అన్నది పాత్రికేయులు సరిచూసుకోవడం అవసరం.

నిర్ణయపు ఎత్తు

మామూలు స్థాయి ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్‌పై, అనగా మొదటి కేటగిరీలో, విమానం నేలకు 200 అడుగుల ఎత్తు వరకు రావచ్చును. రన్‌వే విజువల్ రేంజ్ కనీసం 550 మీటర్లు ఉండాలి. రెండవ కేటగిరీలో ఈ హద్దులు 100 అడుగులు, 300 మీటర్లు. మూడవ కేటగిరీలో అంతకన్నా తక్కువకు కూడా రావచ్చు. అయితే అందుకు విమానంలోను, నేలపైన ప్రత్యేక పరికరాలు, ప్రత్యేక శిక్షణ పొందిన పైలట్లు, రన్‌వే పొడవునా ప్రత్యేక దీపాలు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ వెసులుబాటు వర్తించదు.

200 అడుగుల హద్దు అంటే ఏమిటో కాలంలో చూస్తే బాగా అర్థమవుతుంది. ఆ ఎత్తు నుంచి విమానం నేలను తాకడానికి పట్టే సమయం సుమారు 17 సెకన్లు. ఆ క్షణాన రన్‌వే గాని, దానికి దారి చూపే దీపాల వరుస గాని స్పష్టంగా కనిపించాలి. కనిపిస్తే దిగవచ్చు. కనిపించకపోతే ఇంజన్ల శక్తి పెంచి వెంటనే పైకి లేవాలి. మరికొంత చూద్దామన్న వెసులుబాటు ఆ ఎత్తు వద్ద లేదు. అందుకే దానికి నిర్ణయపు ఎత్తు అని పేరు.

వాలు సంకేతం లేని దిగుదలలో ఈ హద్దు మరింత ఎత్తున ఉంటుంది. దానిని కనిష్ఠ దిగుదల ఎత్తు అంటారు. రన్‌వే కనిపించేవరకు దానికన్నా ఒక్క అడుగు కూడా కిందకు రాకూడదు.

దేశంలో జరిగిన ప్రమాదాలు నేర్పినవి

1973 మే 31న మద్రాసు నుంచి ఢిల్లీకి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం పాలం విమానాశ్రయానికి చేరువలో హైటెన్షన్ తీగలను తాకి కూలింది. విమానంలోని 65 మందిలో 48 మంది మరణించారు. మృతులలో అప్పటి కేంద్ర మంత్రి మోహన్ కుమారమంగళం ఉన్నారు. ఆ సమయంలో దృశ్యమానత నిర్ణీత హద్దు కన్నా తక్కువగా ఉన్నది. రన్‌వే కనిపించకుండానే విమానం కనిష్ఠ ఎత్తు కన్నా కిందకు వచ్చింది.

పదిహేనేళ్ల తరువాత, 1988 అక్టోబరు 19 ఉదయం బొంబాయి నుంచి అహ్మదాబాద్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 రన్‌వేకు సుమారు రెండున్నర కిలోమీటర్ల ఇవతలే చెట్లను, విద్యుత్ స్తంభాన్ని తాకి పొలాలలో కూలింది. 135 మందిలో 133 మంది మరణించారు. ఆ ఉదయం దృశ్యమానత క్రమంగా తగ్గి 2 కిలోమీటర్లకు వచ్చింది. పైలట్లు వాలు సంకేతం లేని పద్ధతిలో దిగుతున్నారు. ఇద్దరూ రన్‌వే కోసం బయటకు వెతుకుతుండగా, ఎత్తు అంకెలను పైకి చదివి హెచ్చరించవలసిన నియమం అమలు కాలేదని దర్యాప్తులో తేలింది. 3 డిగ్రీల వాలు లెక్కన ఆ చోట విమానం నేలకు సుమారు 450 అడుగుల ఎత్తున ఉండవలసినది, అటువంటిది చెట్ల కొమ్మల ఎత్తుకు వచ్చింది. ఇక్కడ గమనించవలసినది ఏమనగా, 2 కిలోమీటర్ల దృశ్యమానత అంటే అది పొగమంచు నిర్వచనంలోకి కూడా రాదు.

1991 ఆగస్టు 16న కలకత్తా నుంచి ఇంఫాల్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగే ప్రయత్నంలో ఉండగా మేఘాలు కమ్మిన తంగ్‌జింగ్ కొండను ఢీకొన్నది. అందులోని 69 మందీ మరణించారు. నిర్దేశించిన దిగుదల పటాన్ని అనుసరించకుండా ముందుగానే కిందకు రావడం కారణమని తేలింది. కొండ ప్రాంతాలలో ఎత్తుకు, దూరానికి ఉన్న సంబంధం ఎంత కచ్చితమైనదో ఈ ఘటన చెబుతుంది.

2020 ఆగస్టు 7 రాత్రి దుబాయ్ నుంచి కోజికోడ్ వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం భారీ వర్షంలో మొదటిసారి దిగలేక పైకి లేచింది. రెండవసారి వ్యతిరేక దిశ నుంచి, వెనుక గాలితో దిగుతూ, రన్‌వేను దాదాపు సగం దాటిన తరువాత తాకింది. బల్లపరుపు కొండపై ఉన్న ఆ రన్‌వే చివర ఆగలేక లోయలోకి జారి విరిగిపోయింది. విమానంలోని 190 మందిలో ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించారు. పైకి లేవాలని కో-పైలట్ సూచించినప్పటికీ దిగుదలను కొనసాగించడాన్ని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ప్రధానంగా ఎత్తి చూపింది.

వీటితో పోల్చి చూడవలసిన మరొక ఘటన 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదం. అక్కడ 158 మంది మరణించారు. ఆ ఉదయం దృశ్యమానత 6 కిలోమీటర్లు, అనగా తేటగానే ఉన్నది. అయినా ఎక్కువ ఎత్తు నుంచి, ఎక్కువ వేగంతో వచ్చిన విమానం రన్‌వేపై ఆగలేకపోయింది. కో-పైలట్ మూడుసార్లు పైకి లేవమని చెప్పినట్లు దర్యాప్తులో వెల్లడైంది. కోజికోడ్‌లో వాన ఉన్నది, మంగళూరులో లేదు. రెండు చోట్లా పైకి లేవవలసిన విమానం లేవలేదు. వాతావరణం ఒక్కటే కారణం కాదనడానికి ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఎందుకు పైకి లేవరు?

అనుభవం గల పైలట్లు కూడా హద్దు దాటి ఎందుకు కిందకు వస్తారన్నది విమానయాన భద్రతలో అతి ముఖ్యమైన ప్రశ్న. గమ్యం చేరువైన కొద్దీ అనుకున్న పనిని పూర్తి చేయాలన్న తపన బలపడుతుంది. మంచు సందుల్లో నుంచి ఒక్క క్షణం దీపాలు కనిపిస్తే రన్‌వే చిక్కినట్లే అనిపిస్తుంది, మరుక్షణం మళ్లీ తెర పడుతుంది. అలసట, ఇంధనంపై ఆలోచన, ఆలస్యంపై ఆలోచన తోడవుతాయి. పక్కన కూర్చున్న చిన్న అధికారి పెద్ద అధికారిని గట్టిగా వారించలేకపోవడం మరొక కారణం. ఈ చివరి విషయం ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసే వారికి ప్రత్యేకంగా వివరించనవసరం లేదు.

ఈ బలహీనతలు మనుషులందరికీ సహజమని గుర్తించే విమానయాన రంగం నియమాలను కట్టుదిట్టం చేసింది. మేఘాలలో దిగుతున్నప్పుడు 1,000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు, దిశ అన్నీ కుదురుకొని ఉండాలి, లేనిపక్షంలో పైకి లేవాలి. నేల చేరువవుతున్నదని మాటలతో హెచ్చరించే పరికరాలు పెద్ద విమానాలలో తప్పనిసరి అయినవి. గమ్యంలో దిగలేకపోతే వేరే విమానాశ్రయానికి వెళ్లడానికి, అక్కడ మరో 30 నిమిషాలు ఆకాశంలో వేచి ఉండడానికి సరిపడా ఇంధనంతోనే జెట్ విమానం బయలుదేరాలి. పైకి లేచిన పైలట్‌ను శిక్షించరాదన్నది నేడు అంగీకృత సూత్రం.

"త్రుటిలో తప్పిన ప్రమాదం" కాదు

ఇక్కడ పత్రికా రంగం చేయగలిగిన మేలు ఒకటి ఉన్నది. దిగబోయిన విమానం మళ్లీ పైకి లేచినప్పుడు ప్రయాణికులు భయపడతారు. ఇంజన్ల శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది, విమానం ముక్కు పైకెత్తుతుంది. దిగిన తరువాత వారు చెప్పిన మాటల ఆధారంగా "త్రుటిలో తప్పిన పెను ప్రమాదం" అన్న శీర్షికతో వార్త వస్తుంది. వాస్తవానికి అక్కడ జరిగినది ప్రమాదపు అంచు నుంచి బయటపడడం కాదు. హద్దు వద్ద రన్‌వే కనిపించలేదు, నియమం ప్రకారం పైలట్ పైకి లేచాడు. పద్ధతి పనిచేసింది.

అట్లే శంషాబాద్‌కు రావలసిన విమానాన్ని బెంగళూరుకో, విజయవాడకో మళ్లించినప్పుడు అది సంస్థ వైఫల్యంగా, ప్రయాణికుల ఇక్కట్లుగా మాత్రమే వార్తలకు ఎక్కడం కద్దు. ఇక్కట్లు నిజమే, వాటిని రాయవలసినదే. దానితోపాటు ఆ మళ్లింపు ఎందుకు జరిగిందో ఒక్క వాక్యం చేర్చితే పాఠకులకు అసలు విషయం అర్థమవుతుంది. సరైన నిర్ణయాన్ని తప్పుగా చూపిన ప్రతి వార్తా ఆ నిర్ణయం తీసుకోవలసిన తరువాతి వ్యక్తిపై ఒత్తిడిని పెంచుతుంది.

ప్రముఖుల పర్యటనలు, హెలిప్యాడ్లు

జిల్లా అధికారులకు ఈ విషయం మరొక రూపంలో ఎదురవుతుంది. ప్రముఖుల పర్యటనల కోసం హెలిప్యాడ్లు సిద్ధం చేయడం, అక్కడి వాతావరణ సమాచారం తెలియజేయడం వారి బాధ్యతలలో భాగం. తెలుగు నేల ఇద్దరు అగ్రనాయకులను హెలికాప్టర్ ప్రమాదాలలో కోల్పోయింది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ దారి సరిగా కనిపించని వాతావరణంలో దిగే ప్రయత్నం చేస్తూ నాటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద కూలింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి బేగంపేట నుంచి బయలుదేరిన హెలికాప్టర్ ప్రతికూల వాతావరణంలో నల్లమల అడవులలో కూలింది. అందులోని ఐదుగురు మరణించారు. శకలాల జాడ మరుసటి రోజు ఉదయానికి గాని తెలియలేదు.

ఇతర దేశాలలోను ఇటువంటి ఘటనలు ఉన్నాయి. 2010 ఏప్రిల్ 10న పోలండ్ అధ్యక్షుడు లెహ్ కచిన్‌స్కీ ప్రయాణిస్తున్న విమానం రష్యాలోని స్మొలెన్‌స్క్ వద్ద పొగమంచులో దిగుతూ కూలి 96 మంది మరణించారు. నేల కనిపించని స్థితిలో విమానం కనిష్ఠ ఎత్తు కన్నా కిందకు వచ్చిందని 2011లో పోలండ్ అధికారిక దర్యాప్తు సంఘం కూడా నిర్ధారించింది.

ఈ ఘటనలలో ప్రతిదానికి కారణాలు వేరు. ఒకదానిని మరొకదానికి అంటగట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే పర్యటన ఏర్పాట్లు చూసే అధికారులు వీటి నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, హెలిప్యాడ్ వద్ద నుంచి పంపే వాతావరణ సమాచారం కంటికి కనిపించినంత వరకే ఉండాలి. "ఇక్కడ అంతా బాగానే ఉన్నది" అన్న మాట చాలదు. ఎంత దూరంలో ఉన్న ఏ కొండ, ఏ టవర్ కనిపిస్తున్నది, ఏది కనిపించడం లేదు, కొండపై మబ్బు దిగి ఉన్నదా అన్నది చెప్పాలి. హెలిప్యాడ్ చుట్టూ అర డజను గుర్తులను ఎంచుకొని వాటి దూరాలను ముందే కొలిచి రాసి ఉంచుకుంటే ఈ పని తేలిక అవుతుంది. రెండవది, సభ ఆలస్యమవుతున్నది, ప్రజలు ఎదురు చూస్తున్నారు అన్న మాటలు ఏ రూపంలోను పైలట్ వరకు చేరరాదు. రోడ్డు మార్గపు ప్రత్యామ్నాయం ప్రతి పర్యటనలోను సిద్ధంగా ఉంచితే అటువంటి మాట అనవలసిన అవసరమే రాదు.

ఘటన జరిగితే

విమానం గాని, హెలికాప్టర్ గాని జాడ తెలియకుండా పోయినప్పుడు ప్రమాద సమయంలో పనిచేసే అత్యవసర రేడియో పరికరం ఉపగ్రహాల ద్వారా సంకేతం పంపుతుంది. దేశంలో ఆ సంకేతాలను బెంగళూరులోని ఇస్రో కేంద్రం స్వీకరిస్తుంది. అయితే పరికరం దెబ్బతింటే సంకేతం రాకపోవచ్చు. అప్పుడు గ్రామస్తులు విన్న శబ్దమే ఆధారం. శబ్దం ఎన్ని గంటలకు వినిపించింది, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయింది, క్రమంగా తగ్గిందా లేక ఒక్కసారిగా ఆగిపోయిందా అన్నది 112 నంబరుకు తెలియజేసేలా అటవీ, కొండ గ్రామాలలో అవగాహన కల్పించడం ఖర్చు లేని పని.

ఘటనా స్థలానికి ముందుగా చేరిన అధికారుల తొలి కర్తవ్యం ప్రాణాలు కాపాడడం, మంటలు ఆర్పడం. ఆ రెండింటికి అవసరమైనంత మేరకు తప్ప శకలాలను కదిలించరాదు. ఒక చిన్న లీవరు ఏ స్థానంలో ఉన్నది, ఒక మీటరు ముల్లు ఏ అంకె వద్ద ఆగింది అన్నది కూడా దర్యాప్తులో సాక్ష్యమే. శకలాలను జ్ఞాపికలుగా తీసుకుపోకుండా చూడాలి. బ్లాక్ బాక్స్ పేరుకు నలుపు గాని రంగుకు నారింజ, ఈ విషయం బందోబస్తు సిబ్బందికి ముందే చెప్పాలి. చెట్ల కొమ్మలు ఎక్కడ విరిగాయి, తీగలు ఎక్కడ తెగాయి అన్నది వర్షానికో, జనం తొక్కిడికో చెరిగిపోకముందే ఫొటోలు తీయించాలి. విమానం ఏ వాలున వచ్చిందో చెప్పేవి అవే. స్థానికులు తీసిన వీడియోలను తొలగించవద్దని కోరి, వారి వివరాలు నమోదు చేసుకోవాలి.

దర్యాప్తు బాధ్యత కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ పరిధిలో 2012లో ఏర్పాటైన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థది. అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రాథమిక నివేదిక 30 రోజులలోను, తుది నివేదిక సాధ్యమైనంత వరకు 12 నెలలలోను వెలువడాలి. ఈ దర్యాప్తు లక్ష్యం మళ్లీ అటువంటి ప్రమాదం జరగకుండా చూడడమే గాని, ఎవరినో దోషిగా నిలబెట్టడం కాదు.

పాత్రికేయులకు ఈ 30 రోజులు కష్టమైనవి. పాఠకులు కారణం అడుగుతారు, అధికారుల వద్ద సమాధానం ఉండదు. ఆ ఖాళీని ఊహలతో నింపితే తొలి నింద సాధారణంగా మరణించిన పైలట్‌పై పడుతుంది. జవాబు చెప్పుకోవడానికి అతడు ఉండడు, అతని కుటుంబం ఉంటుంది. ఆ రోజులలో నిర్ధారణగా రాయగలిగినవి చాలానే ఉన్నాయి. ఆ సమయంలో విమానాశ్రయం నమోదు చేసిన దృశ్యమానత ఎంత, మేఘాల ఎత్తు ఎంత, ఏ రన్‌వే, ఏ పద్ధతి దిగుదల, ఆ పద్ధతికి నిర్ణీత హద్దు ఎంత, అది ఎన్నవ ప్రయత్నం అన్నవి అడిగి తెలుసుకోదగిన ప్రశ్నలు. మృతుల పేర్లను కుటుంబ సభ్యులకు తెలియజేసిన తరువాతనే ప్రకటించడం, జిల్లా స్థాయిలో ఒకే అధికారి ద్వారా నిర్ణీత వేళలలో సమాచారం ఇవ్వడం వదంతులను చాలా వరకు అరికడతాయి.

ముగింపు

శీతకాలంలోను, వానకాలంలోను అనంతగిరిపై మబ్బు దిగుతూనే ఉంటుంది. దానిని ఆపడం ఎవరి తరమూ కాదు. మనిషి చేతిలో ఉన్నది హద్దును గుర్తించి వెనుదిరగడం మాత్రమే. ఆ నిర్ణయం విమానంలో పైలట్ తీసుకోవాలి. హెలిప్యాడ్ వద్ద నిలబడి తొందర పెట్టని అధికారి, మళ్లింపును వైఫల్యంగా చూపని విలేకరి, రెండు గంటలు ఆలస్యమైనా సణగని ప్రయాణికుడు ఆ నిర్ణయాన్ని తేలిక చేస్తారు. 1973 పాలం, 1988 అహ్మదాబాద్ దర్యాప్తులు తేల్చినది కూడా ఇదే. ఆ రెండు చోట్లా రన్‌వే కనిపించలేదు, పైకి లేవడానికి అవకాశం ఉన్నది.